మూడో ఇంటూ

జులై 21, సోమవారం

ఈ డైరీ మా నాయన ఎరువుల అంగడికి విత్తనాల కంపెనీ వాళ్ళు ఇచ్చింది. పోయిన ఏడాదిది. తారీఖులు కొట్టేసి రాసుకుంటున్నాను. ప్రతి పేజీ అడుగునా రైతులకు ఒక సలహా ఉంది. ఈరోజుది వేరుశనగ తెగులు గురించి. నాకెందుకు?

పదో తరగతికి కూడా నన్నే లీడర్‌ని చేశారు. వరసగా మూడో ఏడు. యామిని అయితే పక్షపాతం చూపదని హెడ్మాస్టర్ తిమ్మయ్య సార్ అందరి ముందూ అన్నారు. బోర్డులో కుడిపక్క మూల నాది. సార్లు ఉన్నా లేకున్నా మాట్లాడినవాళ్ళ పేర్లు అక్కడ రాస్తాను. ఒట్టి మాటలకు పేరు మాత్రమే. నిద్రకు, కొట్లాటకు, ఎదురు చెప్పినందుకు పేరు పక్కన ఇంటూ గుర్తు. ఆ ఇంటూలు నోటుబుక్కులో కూడా ఎక్కిస్తాను. మూడైతే ఇంట్లోవాళ్ళను పిలిపిస్తారు.

ఈరోజు కడప నుంచి ప్రమీలారాణి టీచర్ వచ్చారు. బీఎడ్ చదువుతున్నారట, నలభై రోజులు మాకు సోషల్ చెప్తారట. అంతేకాదు, ఆవిడ ఒక ప్రాజెక్టు రాయాలి. తరగతిలో ఏది తప్పని పిల్లలు అనుకుంటున్నారో తెలుసుకోవాలట. తలా ఒక కాగితం ఇచ్చారు. ఇరవై తప్పుల పట్టిక, ఎదురుగా గడులు: చిన్న తప్పు, పెద్ద తప్పు, అసలు తప్పు కాదు. పేర్లు రాయొద్దన్నారు. చివరి ప్రశ్న, 'అన్నిటికంటే పెద్ద తప్పు ఏది? ఎందుకు?'

నేను 'మాట్లాడటం' అని రాశాను. తప్పేమిటో లీడర్‌కే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

సుధీర్ గాడు కాగితం చదివి, "టీచర్, ఈ ఇరవైలో నేను చేయంది ఒగటే ఉండాది. అదేందో అర్థం గాలే, అర్థమైతే అదీ చేస్తా" అన్నాడు. పేరు రాశాను. రాస్తూ నవ్వొచ్చింది, బోర్డు వైపు తిరిగాను కాబట్టి ఎవరూ చూడలేదు.

శివలీల కాగితం ముందే ఇచ్చేసి నిద్రపోయింది. పోయిన ఏడాది దాకా నా పక్కనే కూర్చునేది. ఇప్పుడు మూడో బెంచీ. మగ్గాల వీధి పిల్ల. ఈ నెలలో నిద్రకు ఒక ఇంటూ ఉంది, ఇది రెండోది. స్నేహితురాలని వదిలేస్తే నేనేం లీడర్‌ని?

జులై 22, మంగళవారం

చార్టు గీయడానికి టీచర్ శివలీలను పిలిచారు. నేను కూడా గీస్తాను. నన్నెవరూ అడగలేదు.

జులై 23, బుధవారం

శివలీల గీసిన పెన్నా నది పటం గోడకు తగిలించారు. టీచర్ శివలీల వీపు తట్టి, "చేతిలో కళ ఉంది నీకు" అన్నారు. పెన్న మరీ సన్నగా గీసింది. మేము శ్రీశైలం పోయినప్పుడు చూశాను, నదులు అలా ఉండవు. అది కృష్ణ అనుకోండి. అయినా.

జులై 24, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

అన్నం తిన్నాక మొదటి పీరియడు. టీచర్ పాఠం ఎలా చెప్తున్నారో చూసి మార్కులు వేయడానికి వాళ్ళ కాలేజీ మేడం వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. పాపం, టీచర్ కొత్త చీర కట్టుకున్నారు. నేలల రకాలు చెప్తున్నారు. ఎర్రనేల అయిపోయి నల్లరేగడి మొదలుపెట్టారు.

అప్పుడు ఈల వినిపించింది. రెండు ముక్కలుగా, పొట్టిగా.

క్లాసంతా ఒకటే నవ్వు. టీచర్ సుద్దముక్క కింద పడింది. వెనక మేడం ఏదో రాసుకుంది. టీచర్ కళ్ళలో నీళ్ళు చూశాను, ఆవిడను చూసి నాకూ ఏడుపొచ్చింది, అది నిజం. వరండాలో పోతున్న తిమ్మయ్య సార్ లోపలికి వచ్చారు.

"ఎవురది?"

సార్ నా వైపు చూశారు.

"యామినీ, నువ్వు సెప్పు."

నేను లేచాను. "మూడో బెంచీ సార్."

"పేరు లేదా బెంచీకి?"

"శివలీల సార్."

తను అప్పుడు తలెత్తింది. చెంప మీద పుస్తకం అంచు గీత పడి ఉంది. "ఏమైంది?" అని పక్క పిల్లను అడిగింది. మళ్ళీ అందరూ నవ్వారు.

"మగపిల్లోళ్ళు ఏస్తేనే తోలు తీస్తా. ఆడపిల్లవై ఈల ఏస్తావా!" అన్నారు సార్.

నేను విన్నది చెప్పాను. ఈల మూడో బెంచీ నుంచే వచ్చింది. శివలీల నోటి నుంచే వచ్చింది. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఎందుకు, ఏమిటి అని చెప్పడం లీడర్ పని కాదు.

జులై 25, శుక్రవారం

మూడో ఇంటూ నా చేత్తోనే పెట్టించారు.

పది గంటలకు శివలీల వాళ్ళ నాయన ఓబులేష్ వచ్చాడు. మగ్గం మీద నుంచి అలాగే లేచి వచ్చినట్టున్నాడు, తలలో నూలు దూది ఉంది. సార్ గదిలో నన్ను కూడా నిలబెట్టారు, సాక్ష్యానికి.

"ఏమప్పా ఓబులేషూ, బిడ్డను బడికి పంపిస్తాండావా, సినిమా కొట్టాయికి పంపిస్తాండావా?"

"ఏం జేసింది సార్?"

"టీచరు పాఠం జెప్తాంటే ఈల ఏసింది. అదీ పైనుంచి మేడం వచ్చిన దినం."

"నేనెయ్యలేదు నాయనా. నాకు తెలీనే తెలీదు" అంది శివలీల.

"మా లీడరు అబద్ధం జెప్తాదా?" అన్నారు సార్.

ఓబులేష్ నా వైపు తిరిగాడు. చిన్నప్పటి నుంచి నేను ఆయన్ని చిన్నాయనా అనే పిలుస్తాను. "నువ్వు ఇన్న్యావా పాపా?" అన్నాడు.

"ఇన్న్యా చిన్నాయనా."

ఆయన సార్ వైపు తిరిగాడు. "నిద్రంటే నా వల్లే అనుకుంటి సార్, తెల్లారుజామున మగ్గం మింద కూచోబెడతాండా. ఈల గూడానా? వీధిలో తలెత్తుకునేకి ల్యాకుండా జేసింది. సాలు. పది దాకా సదివింది. ఇంక మగ్గం సూసుకుంటాది."

"అట్ల గాదప్పా, వారం దినాలు ఇంట్లో పెట్టుకోమంటి గాని..."

"సాలు సార్."

పరీక్షలకు పేర్లు పంపేలోపల రాకపోతే ఈ ఏడాది పోయినట్టేనని ఆఫీసు గుమస్తా వెనక నుంచి అన్నాడు. ఓబులేష్ వినలేదు, లేక వినీ వినిపించుకోలేదు. శివలీల సంచీ కూడా తీసుకోకుండా ఆయన వెనకాలే పోయింది.

జులై 26, శనివారం

నా తప్పేం లేదు.

జులై 27, ఆదివారం

శివలీల కనపడటం లేదేమని అమ్మ అడిగింది. జ్వరమని చెప్పాను. జ్వరమని ఎందుకన్నానో నాకే తెలియదు.

జులై 28, సోమవారం

ప్రమీలారాణి టీచర్ కాగితాలన్నీ నాకిచ్చి, గడుల్లో టిక్కులు లెక్కపెట్టి రాయమన్నారు. అక్షరం మంచిది కాబట్టి నన్ను ఎంచుకున్నారట. ఈ మాట పోయిన సోమవారం అని ఉంటే ఎంత బాగుండేది.

యాభై రెండు కాగితాలు. లెక్కపెట్టేకొద్దీ తలతిక్కగా ఉంది. 'పక్కవాళ్ళ టిఫిను తెరిచి తినడం' ముప్పైమందికి అసలు తప్పే కాదట. ఇది మనుషులు రాసిందేనా! 'నవ్వడం' పదిమందికి పెద్ద తప్పు. చివరి ప్రశ్నకైతే ఎవడి పిచ్చి వాడిది. ఒకరు 'సార్ పాఠం మధ్యలో ఫోను చూసుకోవడం' అన్నారు. ఒకరు 'తప్పు ఒకరు చేస్తే క్లాసంతా గోడకుర్చీ వేయించడం' అన్నారు. ఇంకొకరు 'లీడర్ తనను నవ్వించినవాళ్ళకు ఇంటూ పెట్టదు, నవ్వించనివాళ్ళకు పెడుతుంది' అని రాశారు. ఎవరో తెలియలేదు. అక్షరాలు కావాలనే వంకరగా రాశారు. పిరికివాళ్ళు!

ఒక్కరు కూడా 'మాట్లాడటం' అని రాయలేదు. నేను తప్ప.

ముప్పై ఎనిమిదో కాగితం శివలీలది. పేరు లేకపోయినా ఆ గుండ్రటి 'ల' నాకు తెలియదా, ఐదేళ్ళు పక్కన కూర్చున్నాను. అన్నిటికంటే పెద్ద తప్పు, 'నిద్రపోవడం. టీచర్ నిలబడి చెప్తుంటే మనం కూర్చుని నిద్రపోతే వాళ్ళకు అవమానం. కానీ కళ్ళు మన మాట వినవు.' అంత రాసి, కాగితం ఇచ్చి, నిద్రపోయింది. దానికి నేను ఇంటూ పెట్టాను.

'నిద్ర' గడిలో టిక్కులు మూడుసార్లు లెక్కపెట్టాను, మూడుసార్లూ వేరే వేరే సంఖ్య వచ్చింది.

జులై 29, మంగళవారం

తన సంచీ ఇంకా మూడో బెంచీ కిందే ఉంది.

జులై 30, బుధవారం

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

ఆ ఈల నాకు తెలుసు.

శివలీల వాళ్ళది గుంత మగ్గం. మగ్గం మీద కూర్చున్నవాళ్ళకు చేతులూ కాళ్ళూ రెండూ పనిలో ఉంటాయి. పోగు తెగితే లేచి పోవడానికి లేదు. అందుకని వాళ్ళింట్లో పొట్టిగా రెండు ముక్కలు ఈల వేస్తారు. బయట ఎవరుంటే వాళ్ళు పరుగెత్తుకొచ్చి పోగు అతుకుతారు. వాళ్ళ నాయన కూర్చుంటే ఆయన వేస్తాడు, శివలీల కూర్చుంటే తను వేస్తుంది, వాళ్ళమ్మ వస్తుంది. అన్ని ఇళ్ళలోనూ ఇలా ఉంటుందో లేదో నాకు తెలియదు. వాళ్ళింట్లో ఉంది. ఏడో తరగతి ఎండాకాలం సెలవుల్లో నాకు ఆ ఈల నేర్పింది కూడా తనే. నాకు సరిగ్గా రాకపోతే కడుపు పట్టుకుని నవ్వింది.

గురువారం అది వినగానే నాకు అర్థమైంది. నిద్రలో పోగు తెగి ఉంటుంది. తను క్లాసులో లేదు, మగ్గం మీద ఉంది.

మరి ఎందుకు చెప్పలేదు? సార్ అడిగింది 'ఎవురు' అని. 'ఎందుకు' అని అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని.

చెప్పేదాన్నా?

పెన్నా నది పటం గుర్తొచ్చింది నిజమే. కానీ ఒక పటం కోసం ఎవరైనా ఇంత చేస్తారా? నేను అంత చెడ్డదాన్ని కాదు. అయినా ఈల ఈలే కదా. టీచర్ ఏడ్చారు కదా. ఎవరి తప్పూ లేకుండానే టీచర్ ఏడ్చారా? ఇవన్నీ ఎలా కలుపుకోవాలో నాకు తెలియడం లేదు.

ఆగస్టు 1, శుక్రవారం

ప్రమీలారాణి టీచర్‌కు చెప్దామని స్టాఫ్ రూముకు పోయాను. "టీచర్, తెలియకుండా చేస్తే తప్పవుతుందా?" అని అడిగాను.

ఆవిడ పెన్ను మూతి కొరుకుతూ ఆలోచించారు. "నా ప్రశ్నల్లో అది పెట్టాల్సింది. మర్చిపోయాను" అన్నారు. ఆరోజు పాఠానికి మార్కులు తక్కువ వచ్చాయట, మళ్ళీ ఒక పాఠం చెప్పి చూపించాలట. "ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు యామినీ. బొమ్మలు అంత శ్రద్ధగా వేసి, మర్నాడే నన్ను ఎందుకు అలా అవమానించిందో తెలిస్తే చాలు" అన్నారు.

అప్పుడే చెప్పాలి. నోరు తెరిచాను కూడా. బెల్లు కొట్టారు. బెల్లు కొడితే వెళ్ళాలి కదా.

ఆగస్టు 4, సోమవారం

మూడో బెంచీలోకి సుధీర్ వచ్చి కూర్చున్నాడు. శివలీల సంచీ తీసి తలకింద పెట్టుకుంటే లాక్కున్నాను. గట్టిగా అరిచానట. నాకు గుర్తులేదు.

ఆగస్టు 5, మంగళవారం

ఏడో తారీఖు చేనేత దినోత్సవం. బడిలో ఒక నేతగాణ్ణి పిలిచి శాలువా కప్పాలని పైనుంచి కాగితం వచ్చిందట. సార్ నన్ను పిలిచి, "మగ్గాల వీధిలో బాగా నేసేది ఓబులేషే. పోయి రమ్మను. ఆ గొడవ మనసులో పెట్టుకోవద్దని నా మాటగా చెప్పు" అన్నారు. ఆయన బిడ్డను మగ్గం మీద కూర్చోబెట్టించి, ఆయనకు మగ్గం పేరు మీద శాలువా! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

శివలీల సంచీ తీసుకుని పోయాను.

మగ్గం మీద శివలీలే ఉంది. గుంతలో కాళ్ళు, చేతిలో పోగును అటూ ఇటూ నడిపే నాడె, నన్ను చూసి కూడా ఆపలేదు. వాళ్ళ నాయన వాకిట్లో రాట్నం మీద నూలు కండెలు చుడుతున్నాడు. సార్ మాట చెప్పాను.

"నాకు శాలువ గప్పుతారంటనా?" ఆయన రాట్నం ఆపలేదు. "దేనికి? బిడ్డను బాగా పెంచినందుకా?"

అప్పుడు లోపల పోగు తెగింది. ఈల వినిపించింది. రెండు ముక్కలు, పొట్టిగా. ఓబులేష్ లేచి పోయి, పోగు అతికి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఆయనకు అది ఈల అని కూడా తోచలేదు!

"చిన్నాయనా, అదే."

"ఏంది?"

"క్లాసులో శివలీల ఏసిన ఈల. ఇదే. సినిమా ఈల గాదు. నిద్రలో ఏసింది."

ఆయన చేతిలో కండె అలాగే ఉండిపోయింది. లోపల మగ్గం చప్పుడు కూడా ఆగింది.

"ఈ ఈలనా?" అన్నాడు. "దీనికా నేను..." అని ఆగిపోయాడు. నా వైపు తిరిగి, "నీకు ఎప్పుడు తెలిసె పాపా?" అన్నాడు.

"ఇప్పుడే చిన్నాయనా. ఇప్పుడు ఇని గుర్తుపట్టినా."

మగ్గం గుంతలోంచి శివలీల నన్ను చూసింది. నేను సంచీ అరుగు మీద పెట్టి వచ్చేశాను.

ఆగస్టు 6, బుధవారం

మంచి పనే చేశాను కదా. చెప్పాను కదా. సగమో, ముప్పాతికో.

ఆగస్టు 7, గురువారం

ఓబులేష్ వచ్చాడు. తెల్ల చొక్కా, తను నేసిన పంచె. శివలీలా వాళ్ళమ్మా గేటు దగ్గరే నిలబడ్డారు. తిమ్మయ్య సార్ మైకులో చేనేత గొప్పదనం పావుగంట చెప్పి, శాలువా తీశారు.

ఓబులేష్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండండి సార్. ముందు ఒక ముక్క." మైకు దగ్గరికి పోయి ఈల వేశాడు. రెండు ముక్కలు. బడి మొత్తం మారుమోగింది. ఎవరూ నవ్వలేదు.

"మా ఇంట్లో పోగు తెగితే ఇట్ల పిలుచుకుంటాం. నేసేటోళ్ళకు సేతులు ఖాళీ ఉండవు గదా. నా బిడ్డను తెల్లారుజామున నాలుగింటికి లేపి మగ్గం మింద కూచోబెడతాండా. అది ఈడకొచ్చి, నిద్రలో గూడా మగ్గం నేస్తాండాది సార్. ఆ ఈల ఏసింది మీ టీచరమ్మకు గాదు, వాళ్ళమ్మకు." ఆయన గేటు వైపు చూశాడు. "బిడ్డనొక మాట అడక్కుండా నేనే బడి మానిపిస్తి. తప్పు నాది. బోర్డు మింద రాసేదుంటే నా పేరు రాయండి."

ప్రమీలారాణి టీచర్ కుర్చీలోంచి లేచి గేటు దాకా పోయారు. శివలీల చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చారు. ఆవిడ మళ్ళీ ఏడుస్తున్నారు. ఈసారి ఏడుపు ఎందుకో నాకు తెలియలేదు, అడిగితే ఆవిడకూ తెలియదేమో.

శాలువా కప్పారు. ఫోటో తీశారు. తర్వాత సార్ గదిలోకి నన్నూ శివలీలనూ పిలిచారు.

"రేపట్నించి బడికి రా" అని తనకు చెప్పి, నోటుబుక్కు తెప్పించి మూడో ఇంటూ ఆయనే కొట్టేశారు. తర్వాత కళ్ళద్దాలు తీసి నన్ను చూశారు. "యామినీ, మీరిద్దరూ శానా స్నేహం గదా. వాళ్ళింటికి పోతాంటివి గదా. ఆ ఈల సంగతి నీకు ముందే తెలుసునా?"

తెలుసు సార్ అనాలి. రెండే మాటలు. నోట్లో తయారుగా ఉన్నాయి.

"ఆ పాపకు తెలీదు సార్" అంది శివలీల. "మా ఇంట్లో ఈలేసేది బయట ఎవురికీ తెలీదు."

సార్ తలూపారు. "అదే అనుకుంటి. నా లీడరు తెలిసి అట్ల చేసే పిల్ల గాదు" అన్నారు.

నేను నోటుబుక్కు తీసుకుని బయటికి వచ్చాను.

ఆగస్టు 8, శుక్రవారం

శివలీల వచ్చింది. మూడో బెంచీలోనే కూర్చుంది. నా పక్కన చోటు ఖాళీగానే ఉంది.

విరామంలో కొళాయి దగ్గర పట్టుకున్నాను. "ఎందుకే అట్ల జెప్తివి సార్‌తో?"

"ఎట్ల?"

"నాకు తెలీదని."

తను దోసిలితో నీళ్ళు తాగి, మూతి తుడుచుకుంది. "తెలుసునని జెప్తే ఏమైతాది మే? నిన్ను తీసేసి ఇంగొకరిని పెడతారు. వాళ్ళకు నా సంగతేం తెలుసు? నువ్వుంటేనే మేలు. నువ్వు ఇంక నా పేరు రాయలేవు." అని నవ్వింది.

నేను కూడా నవ్వాను. నవ్వులాటకే అంటున్నావా అని అడగాలనిపించింది. అవును అంటుందో కాదు అంటుందో, రెంటిలో ఏదైనా నాకు భయమే అయింది. నన్ను కాపాడిందా, కట్టేసిందా? ఐదేళ్ళ స్నేహం కొద్దీ అబద్ధం చెప్పిందనుకుంటే ఒక నిమిషం హాయిగా ఉంటోంది, మరు నిమిషమే సిగ్గేస్తోంది. క్షమించమని అడగలేదు నేను. రేపు అడుగుతాను. సోమవారం అడుగుతాను.

మధ్యాహ్నం సార్లు ఎవరూ రాలేదు. సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గర నిలబడ్డాను. పది నిమిషాలకు శివలీల తల బెంచీ మీద వాలింది. మగ్గం ఇంకా నాలుగింటికే మొదలవుతోందేమో. నోరు కొంచెం తెరుచుకుని, చిన్న పిల్లలా నిద్రపోతోంది. క్లాసంతా తనను చూసింది. తర్వాత అందరూ నా చేతిలో సుద్దముక్కను చూశారు. ఎవరూ మాట్లాడటం లేదు.

"ఏం మే లీడరూ," అన్నాడు సుధీర్, "రాయవా?"

సుధీర్ పేరు రాశాను. పక్కన ఇంటూ పెట్టాను.